గుట్ట మీద మిషన్

ఈ అరబ్బు దేశంలో, అల్ మవాలేలో మా ఇంటి ఏసీ పాడైతే మొన్న ఒక మెకానిక్ వచ్చాడు. ఎండలో పనిచేస్తున్నాడు కదా అని మంచినీళ్లు తీసుకుని డాబా ఎక్కాను. అతను బాగుచేసి నడిపి చూస్తున్న ఏసీ బయటి పెట్టె నుంచి వేడిగాలి ముఖాన కొట్టింది. విచిత్రంగా, నాకు చిన్నప్పుడు జెబెల్ షమ్స్ కొండ మీద చూసిన మంచు గుర్తొచ్చింది.

మా బాపు కూడా ఏసీ మెకానిక్కే. ఆయన చెయ్యి పడితే చాలు, ఉడికిపోయే గది చల్లబడేది. లోకంలో ఉన్న చలి అంతా బాపే చేస్తాడని ఆరేళ్ల వయసులో నా నమ్మకం. ఆ చలికాలం కొండ మీద మంచు పడిందని తెలిసి, శుక్రవారం దోస్తు కారు అడిగి తెచ్చి అమ్మనూ నన్నూ తీసుకెళ్లాడు. రోడ్డు పక్కనే ఒక చిన్న గుట్ట తెల్లగా మెరుస్తోంది. బాపు చెయ్యి పట్టుకుని, జారుతూ ఎక్కాను. చెప్పుల్లో మంచు దూరి కాలివేళ్లు జివ్వుమన్నాయి.

"బాపూ, మిషన్ ఏడ వెట్టినవ్?" అని అడిగాను.

"మిషన్ లేదు బిడ్డా, దానంతట అదే పడ్డది."

నేను నమ్మలేదు. రాళ్ల వెనక వెతకడం మొదలుపెట్టాను. తిరిగి చూస్తే బాపు మంచులో వెల్లకిలా పడుకుని ఉన్నాడు.

"సర్ది అయితది, లేవుండ్రి!" అని అమ్మ కేకలేసింది.

"జరసేపు ఉండనియ్యే," అన్నాడు కళ్లు తెరవకుండానే.

రోజూ చలి చేసే మనిషికి చలి అంటే ఇంత మోజేమిటా అనుకున్నాను.

డాబా మీద మెకానిక్ రెండు గుక్కలు తాగి, మిగతా నీళ్లు నెత్తిన పోసుకున్నాడు. గదిలోంచి తీసేసిన వేడి ఎక్కడికి పోతుందని నేను బాపును ఒక్కసారి కూడా అడగలేదు.