నాలుగు వేల ఒకటో పోగు

మా ఇంటి మగ్గం మీద ఒట్టు, ఇందులో ప్రతి మాటా నిజం. గద్వాలలో నా భార్య చీరలు నేసేది. ఇక లాభం లేదని దవాఖాన వాళ్లు ఇంటికి పంపినంక, సగం నేసిన చీరను చూసుకుంట పడుకునేది. నేను ఆ చీర పడుగుల నిలువు పోగులు లెక్కపెట్టి చెప్పిన.

"నాలుగు వేల ఒకటి! ప్రధాన సంఖ్య. ఒకటితో, దానితో తప్ప దేనితో భాగించినా శేషం మిగులుతది. నువ్వూ గట్లనే మిగులుతవ్."

"యముడికి భాగహారం తెల్వదా ఏందయ్యా?" అని నవ్వింది. పోయేదాకా రోజూ ఆ లెక్క నాతో మళ్లా చెప్పించుకున్నది.

ఒప్పుకుంటున్న, పోగులు నాలుగు వేలే. రెండుతో భాగించినా, అయిదుతో భాగించినా ఏమీ మిగలదు. ఆ ఒక్క పోగు నేను కల్పించింది. జతలు జతలుగ పడుగు పోసింది తనే. బేసి రాదని తనకు తెల్వదా?