ఖాళీ కారు

"లారీకైతే బస్తాలేసి సూస్తం సారూ. గా కారును ఖాళీగనే సూసిన," అన్నాడు యాదయ్య, నూనె చేతులు గుడ్డకు తుడుచుకుంటూ. సూర్యాపేటలో ఇరవై ఏళ్లుగా లారీల స్ప్రింగులు బాగుచేస్తున్న ఈ మనిషి, ఏ మాట చెప్పాలన్నా ముందు చేతులు తుడుచుకుంటాడు.

మా రైసుమిల్లు యజమాని నాగేశ్వర్ రావు తన తల్లి ఆండాళమ్మ కాలెత్తి ఎక్కలేకపోతోందని, నిజాం కాలం నాటి జర్మనీ కారును కొంచెం కిందికి దించమన్నాడు. యాదయ్య హైదరాబాదు నుంచి నాలుగు రకాల స్ప్రింగులు తెప్పించి, ఒక్కొక్కటీ వేసి చూసి, అన్నిటికన్నా పొట్టివి బిగించాడు. నిన్న మిర్యాలగూడ దారిలో ఏడుగురు కూర్చునేసరికి కారు కడుపు నేలకు రాసుకుంది. అందరూ దిగాల్సివచ్చింది. ఆ ముసలామె ఎండలో అరమైలు నడిచింది.

"నలుగుర్ని కూర్చోబెట్టి చూడకపోయినవా?" అన్నాను.

"తెల్లటి సీట్లాయె. గీ బట్టలతోని మేమెట్ల కూసుంటం?" తల ఎత్తలేదు. "ఆమె నన్నొక్క మాటనలే సారూ. తిట్టినా బాగుండు."

మళ్లీ చేతులు తుడుచుకున్నాడు.

"జర పొడుగు స్ప్రింగులు ఏస్తున్న. రేపు పొద్దుగాల ఉతికిన బట్టలేసుకున్నోళ్లను ఆరుగుర్ని తోల్కరండ్రి. మీరందరు పైన కూసోండ్రి, నేను కింద పండుకొని సూస్త."