ఆయన పెట్టని సంతకం

మా పక్కింటి మెకానిక్ నిన్న పొద్దున పోయాడు. మధురానగర్‌లో ఆయన నీళ్ళ మోటార్లు బాగుచేసే మనిషిగానే తెలుసు. ఒకప్పుడు విమానాలు చూసేవాడని చెబితే నవ్వేవారు.

రోడ్డు మీద స్కూటర్ పోతుంటే అటు చెవి పెట్టి, "ప్లగ్గు పోయింది, గాయనకు ఎరుకలేదు" అనేవాడు. చేతులు తుడుచుకోనిదే చాయ్ గ్లాసు ముట్టేవాడు కాదు. "సంతకమంటే మాటిచ్చుడే" అనేవాడు. బడి మొహం ఎక్కువ చూడని నేను ఆయన దగ్గరే అది నేర్చుకున్నాను.

ఎనభైల చివర ఫిల్మ్ నగర్ నిర్మాత ఒకాయన షూటింగుకి పాత చిన్న విమానం కిరాయికి తెచ్చి, దాన్ని చూసుకోడానికి ఈయన్ని పెట్టుకున్నాడు. నేనక్కడ డైలాగులు తిరగరాసేవాణ్ణి. ఆ నిర్మాత సంగతి ఒక ముక్క చెప్పాలి. జూబ్లీహిల్స్ ఇంటికి వాస్తు కుదరలేదని గేటు మూడుసార్లు పగలగొట్టించాడు. పైకప్పు కారితే మాత్రం కింద బిందెలు పెట్టించాడు. అదీ బుర్ర.

ఇంజిన్ విప్పి చూడాల్సిన గడువు దాటింది. మెకానిక్ సంతకం లేనిదే ఎగరకూడదు. ఆయన పెట్టనన్నాడు.

"పది ఇరవైకి ముహూర్తమయ్యా! కొబ్బరికాయ కొట్టాం, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాం. ఇంకేం కావాలి?" అన్నాడు నిర్మాత.

"నిమ్మకాయతోని ఇంజిన్ నడుస్తదా సార్? నడిస్తే నేనెందుకు, సోడాబండాయన్ని పెట్టుకోండ్రి."

అందరం నవ్వాం. విమానం మాత్రం ముహూర్తానికే లేచింది. పైలట్ కొత్తవాడు, కాదనలేకపోయాడు. కాసేపటికే ఇంజిన్ ఆగిపోతే జొన్నచేలో దించాడు. పైలట్‌కి రెండు కాళ్ళూ విరిగాయి. నిమ్మకాయలు మాత్రం చక్కగా చితికాయి, వాటి పని అవి చేశాయి.

ఆ సాయంత్రమే నిర్మాత మెకానిక్ ఇంటికొచ్చాడు.

"పాత తేదీ వేసి సంతకం పెట్టు. ఇంజిన్ బాగానే ఉంది, పైలట్‌కే నడపడం రాలేదని చెబుదాం. నీకు నా కంపెనీలో జీవితాంతం పని."

"ఆయన కాళ్ళు ఇరగ్గొట్టింది సాలదా? నౌకరీ గూడ తీస్తరా? నడువుండ్రి."

విచారణలో ఉన్నదున్నట్టు చెప్పాడు. పైలట్ ఉద్యోగం నిలిచింది. ఈయన్ని మాత్రం నిర్మాత ఫోన్ల పుణ్యమా అని మళ్ళీ ఎవరూ విమానం దగ్గరికి రానివ్వలేదు. మరి నిర్మాత ఏం నేర్చుకున్నాడు? సిద్ధాంతిని మార్చాడు.

నిన్న ఆ నిర్మాత పంపిన దండ వచ్చింది. అడ్డంగా పట్టు రిబ్బను, దాని మీద బంగారు అక్షరాలతో కంపెనీ పేరు. మెకానిక్ భార్య చూసి, "పూలేం జేసినయ్, ఉండనీయ్. గా పేరు తీసెయ్యన్నా" అంది.

రిబ్బను కత్తిరించి బయట కాలువలో పారేశాను.

మేం ఆయన్ని భుజాలకెత్తుకుని మలుపు తిరుగుతూ చూస్తే, దండ తెచ్చిన మేనేజరు ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, కాలువలో దిగి, ఆ రిబ్బను వెతుకుతున్నాడు.