బకెట్ గుర్తు పార్టీలో నా పదవి

ఆ రోజుల్లో నాకు పదవి అంటే ఎంత మోజో ఇప్పుడు చెప్పుకుంటే సిగ్గేస్తుంది. (ఆ రోజులంటే ఏ తాతల కాలమో అనుకోకండి, పట్టుమని పదేళ్లు కూడా కాలేదు. కానీ పెళ్లయిన మగవాడికి పెళ్లికి ముందు సంగతులన్నీ ఆ రోజులే.) నా ఈడు వాళ్లలో ఏదో ఒక పార్టీకి ఏదో ఒక కార్యదర్శి కానివాడు లేడు. నేనూ అయ్యాను. తేడా ఏమిటంటే వాళ్ల పార్టీలన్నీ ఇప్పటికీ ఉన్నాయి, నాది మాత్రం ఒక మిరప పంట చేతికొచ్చేంత కాలం కూడా నిలవలేదు. కోదాడలో పుట్టి, కోదాడలోనే ఒకే ఒక్క వార్డులో పోటీ చేసి, కోరిక తీరాక కన్నుమూసిన పార్టీ అది. దాన్ని పెట్టిన మనిషి, దాని అధ్యక్షురాలు, దాని ఏకైక అభ్యర్థి అన్నీ మా అత్తమ్మే. ప్రచార కార్యదర్శిని నేను.

అత్తమ్మ అంటే మా నాన్నకు సొంత చెల్లెలు. మాది తిరుమలగిరి. డిగ్రీ అయ్యాక కోదాడలో ఫ్లెక్సీలు కొట్టే షాపులో కంప్యూటర్ పని దొరికితే ఆమె ఇంట్లోనే ఉండి, ఆమె చేతి తిండే తిన్నాను. అత్తమ్మ కూరగాయల మార్కెట్ రోడ్డు మీద గోనె సంచి పరుచుకుని ఆకుకూరలు అమ్మేది. ఆమె పక్కన ఎప్పుడూ ఒక నీళ్ల సీసా ఉండేది, దాని మూతకు సూదితో పొడిచిన బొక్కలు ఉండేవి. పొద్దున ఆరింటి నుంచి పొద్దుగూకే దాకా ఆ సీసాతో తోటకూర మీద, పాలకూర మీద, కొత్తిమీర మీద నీళ్లు చల్లుతూనే ఉండేది. తాను మాత్రం ఒక్క గుక్క తాగేది కాదు. ఆమె ఒక్కతే కాదు, ఆ వరుసలో కూర్చునే ఆడవాళ్లెవరూ తాగేవారు కాదు. తాగితే వెళ్లడానికి చోటు లేదు. మగవాళ్లకు ట్రాన్స్‌ఫార్మర్ వెనక గోడ ఉంది, వీళ్లకు గోడ కూడా లేదు. రెండేళ్లు ఆమె ఇంట్లో ఉన్నాను గదా, ఈ సంగతి నాకు ఒక్కరోజు కూడా తట్టలేదు. అత్తమ్మకు దాహం తక్కువేమో అనుకున్నాను. ఆ తెలివికి ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

ఒక ఎండాకాలం ఆమె కూర్చున్న చోటే కళ్లు తిరిగి కొత్తిమీర కట్టల మీద పడిపోయింది. సూర్యాపేట దవాఖానకు తీసుకుపోయాను. డాక్టరు చిన్నవాడే, మంచివాడే, కాకపోతే కోపిష్టి. నీళ్లు తాగక కిడ్నీలో రాళ్లు తెచ్చుకున్నావని, రోజుకు మూడు లీటర్లు తాగకపోతే ఆపరేషన్ దాకా వస్తుందని కసిరాడు. అత్తమ్మ అంతా విని, కొంగు సర్దుకుని, ‘తాగుత సారూ. తాగి యాడికి పోవాలె? గది గూడ చీటీ మీద రాసియ్యి’ అంది. ఆయన చీటీ మీద మూడు లీటర్లు అన్నది మాత్రం రాశాడు. తిరుగు ప్రయాణంలో మునగాలలో బస్సు ఆగినప్పుడు అత్తమ్మ నావైపు తిరిగి, ‘అల్లుడా, మున్సిపాలిటీ ఎలక్షన్లు ఎప్పుడుర’ అని అడిగింది. మార్కెట్ ఆడవాళ్లు అప్పటికే మున్సిపాలిటీలో దరఖాస్తు పెట్టి ఉన్నారు, కొత్త కౌన్సిల్ వచ్చాక చూద్దాం అని అక్కడివాళ్లు అన్నారట. కొత్త కౌన్సిల్‌లో మనమే ఉంటే పోలా అన్నది ఆమె ఆలోచన.

అట్లా పదకొండు మంది ఆడవాళ్లు గోనె సంచుల మీద కూర్చుని పార్టీ పెట్టారు. కోరేది ఒక్కటే, మార్కెట్ దగ్గర ఆడవాళ్లకు మూత్రశాల. రోడ్లు, లైట్లు, పింఛన్లు ఏవీ వద్దు. (రిజిస్టర్ కాని పార్టీ కాబట్టి కాగితాల్లో ఆమె స్వతంత్ర అభ్యర్థే. ఆ ముక్క ఆమెకు చెప్పే ధైర్యం మాకెవరికీ లేకపోయింది.) పేరు పెట్టే పని చదువుకున్నవాణ్ని గనక నాకు అప్పగించారు. సరిగ్గా అప్పుడే నాకు మిర్యాలగూడ సంబంధం ఒకటి నడుస్తోంది. పిల్ల తండ్రి రిటైరైన హెడ్మాస్టరు. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు. కాబోయే అల్లుడు ఉచ్చల పార్టీకి ప్రచార కార్యదర్శి అని ఆయనకు తెలిస్తే నా గతేమిటని రెండు రోజులు నిద్రపోలేదు. చివరికి ‘మౌలిక సదుపాయాల సాధన పార్టీ’ అని కొట్టి, ప్రింటు తీసి అత్తమ్మకు చూపించాను. ఆమె కూడబలుక్కుంటూ చదివి, ఇందులో మన సంగతి ఎక్కడుందని అడిగింది. పెద్దవాళ్లు ఇట్లాగే రాస్తారు, చదువుకున్నవాళ్లకు అర్థమవుతుంది అన్నాను. ‘సరె, నువ్వు సదువుకున్నోనివి, నీకు తెల్వదా’ అని ఊరుకుంది. ఆమె అంత తేలిగ్గా నమ్మకుండా ఉంటే బాగుండేదని తర్వాత చాలాసార్లు అనుకున్నాను.

గుర్తుల దగ్గర మా అదృష్టం పండింది, బకెట్ దొరికింది. అత్తమ్మ గుర్తులిచ్చే ఆఫీసరును, మగ్గు కూడా కలిపి ఇయ్యరాదా అని అడిగిందట. ఆ రోజు నుంచి మా మామయ్య (మాట తక్కువ మనిషి, ఆయన గొంతు నేను ఏడాదికి నాలుగైదుసార్లకు మించి వినలేదు) ఎక్కడికి పోయినా నీలం బకెట్ ఒకటి చేత పట్టుకుని నడిచేవాడు. ఇక ఫ్లెక్సీ. మన దగ్గర ఫ్లెక్సీ ధర్మం మీకు తెలియనిదేం కాదు. పార్టీలో చేరినవాళ్ల ముఖం ఫ్లెక్సీ మీద ఉండాలి, లేకపోతే చేరినట్టు కాదు. మొదటి ఫ్లెక్సీ మీద పదకొండు ముఖాలు. అది చూసి టమాటాల వరుస ఆడవాళ్లు మేమేం పాపం చేశామని వచ్చారు. తర్వాత చేపల వాళ్లు, పూల వాళ్లు. వారం తిరిగేసరికి నలభై మూడు ముఖాలయ్యాయి. ఒక్కొక్క ముఖం పోస్టు బిళ్లంత. నడుమ అత్తమ్మ, ఆమె పక్కన బకెట్. మా కోరికకు జాగా మిగలక కింద అంచున చీమ తలకాయలంత అక్షరాల్లో పెట్టాను. అది కూడా ‘మౌలిక సదుపాయాలు’ అనే. నిజం చెప్పాలంటే జాగా లేదన్నది నాకు దొరికిన సాకు. అట్లా ఇరుక్కుపోయినందుకు లోపల సంతోషించాను.

పార్టీ మాత్రం దినదినం పెరిగింది. చిలుకూరు నుంచి వచ్చే గోంగూర ఆవిడ ఒక ఫ్లెక్సీ తీసుకుపోయి వాళ్ల ఇంటి ముందు కట్టింది. ఆమెను చూసి ఇంకొకామె పాలకీడులో కట్టింది. మూడు నాలుగు మండలాల్లో జెండాలున్న పార్టీలకు కూడా దడ పుట్టింది. మా వార్డులోనే నిలబడ్డ ఒక పెద్దమనిషి మనిషిని పంపి, అత్తమ్మకు మార్కెట్లో షెడ్డు ఇప్పిస్తాం, తప్పుకోమని రాయబారం చేశాడు. అత్తమ్మ ఒప్పుకోలేదు. అయితే ఆమె ఏం అడుగుతోందో మాత్రం ఎవరికీ తెలియదు. ఇల్లిల్లూ తిరుగుతుంటే ఒకాయన స్పీడ్ బ్రేకర్ వేయించమన్నాడు, ఒకామె కోతులను పట్టించమంది, డ్రైనేజీ పార్టీ వచ్చిందని ఇంకొకరు పక్కింటి వాళ్లను కేకేశారు. అత్తమ్మ అందరికీ తల ఊపి, బయటికొచ్చాక నా ముఖం చూసేది. నేను బకెట్ ముఖం చూసేవాణ్ని.

ప్రచారం ఆఖరు రోజున మార్కెట్ చౌరస్తాలో మామయ్య అద్దె ఆటో మీద మైకు పెట్టించాడు. మనుషులు బాగానే పోగయ్యారు. ఆ గుంపులో, సరిగ్గా ఎదురుగా, ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు కనబడ్డాయి. మిర్యాలగూడ పెద్దసారు నా ఉద్యోగం, నడవడిక కనుక్కుందామని చెప్పకుండా కోదాడ వచ్చాడు. అంతలో ఎవరో అసలు మీకేం కావాలో చెప్పండమ్మా అని అరిచారు. అత్తమ్మ మైకు నా చేతికిచ్చి, ‘సెప్పు అల్లుడా. నువ్వయితే మంచిగ సెప్తవు’ అంది. నేను మైకు పట్టుకుని, గొంతు సవరించుకుని, ఈ ప్రాంత మహిళల సమగ్ర అభ్యున్నతికి అవసరమైన మౌలికమైన అని ఎత్తుకుని అక్కడే నిలబడిపోయాను. ఆ తర్వాత రావలసిన మాట గొంతు దాకా వచ్చింది. పెద్దసారు ముఖం చూసి మళ్లీ లోపలికి పోయింది. మైకు కుయ్యిమంది.

అత్తమ్మ నా చేతిలోంచి మెల్లగా మైకు తీసుకుంది. ‘మాకు ఉచ్చకు పోను జాగ కావాలె. పొద్దుగాల వచ్చి కూసుంటే చీకటి పడేదాక లేవం. మీకమ్మే కూర మీద నీళ్లు సల్లుతం, మేం తాగం. తాగితే యాడికి పోవాలె? గంతే, ఇంకేం లేదు.’ చేపల వరుసలోంచి ఒక ముసలామె చప్పట్లు కొట్టింది, ఆ వెనక అందరూ కొట్టారు. మామయ్య బకెట్ తలపైకెత్తాడు. నేను మెల్లగా జారుకుని ఆటో వెనక, మా నలభై మూడు ముఖాల ఫ్లెక్సీ చాటున నిలబడ్డాను. కాసేపటికి తొంగి చూస్తే పెద్దసారు లేడు. సంబంధం పోయిందనుకున్నాను. నాకు ఏడుపొచ్చింది. అది సంబంధం కోసమా, అత్తమ్మ ముందు చిన్నబోయినందుకా అంటే ఇప్పుడు కూడా చెప్పలేను.

పోలింగు రోజు పొద్దున్నే మా ఆడవాళ్లంతా తలస్నానాలు చేసి, ఉన్నంతలో మంచి చీరలు కట్టుకుని ఆటోల్లో దిగారు. లైన్లో నిలబడ్డారు. ఒక్కొక్కరే లోపలికి పోయి ఒక్కొక్కరే తిరిగొచ్చారు. గోంగూర ఆవిడ ఓటు చిలుకూరులో ఉంది. పూల ఆవిడది పాలకీడు. మిగతావాళ్లవి ఎవరి ఊర్లో వాళ్లకే ఉన్నాయి, కోదాడలో ఉన్నా వేరే వార్డుల్లో ఉన్నాయి. నలభై మూడు ముఖాల్లో మా వార్డులో ఓటున్నవి నాలుగు. పొద్దంతా కూర్చునే చోటే తమ ఊరనుకున్నారు పాపం. (ప్రచార కార్యదర్శి ఓటు ఎక్కడుందని మీరు అడగకముందే చెప్తాను, తిరుమలగిరిలో.) లెక్కపెట్టిన రోజు మాకు వచ్చినవి పందొమ్మిది. అత్తమ్మ ఏడుస్తుందేమోనని భయపడ్డాను. ఆమె వేళ్లు మడిచి ఇంటివాళ్లవి, ఫ్లెక్సీ వాళ్లవి తీసేసి చూసుకుంది. మిగిలినవాళ్లు ఎవరో ఏమో, తెలిస్తే తలా ఒక కట్ట కొత్తిమీర ఇచ్చి వద్దును అంది.

నాలుగు రోజుల తర్వాత మిర్యాలగూడ నుంచి ఫోనొచ్చింది. పెద్దసారు కాదు, పిల్లే. మైకు రోజు చౌరస్తాలో ఎవరో తీసిన వీడియో తన ఫోనుకు కూడా వచ్చిందట. తాను బి.ఎడ్. కోసం రెండేళ్లు బస్సుల్లో తిరిగిందట, ఆ రెండేళ్లూ పొద్దున ఇంట్లో తాగిన నీళ్లే మళ్లీ ఇంటికొచ్చే దాకా. వాళ్ల నాన్న కోదాడ నుంచి వచ్చి, కూతుర్ని కూర్చోబెట్టి, ఆ రెండేళ్లు నువ్వెట్లా చేశావు బిడ్డా అని మొదటిసారి అడిగాడట. అడిగి లోపలికి పోయి పడుకున్నాడట. ఇదంతా చెప్పి, ‘మీ అత్తమ్మను జూసి ఒప్పుకుంటున్న. మిమ్మల్ని గూడ జూసిన వీడియోల, గది యాది పెట్టుకోండి’ అంది. ఇప్పటికీ మా ఇంట్లో మాటా మాటా వస్తే ఆ వీడియో బయటికొస్తుంది.

ఆ వార్డులో గెలిచింది షెడ్డు రాయబారం పంపిన పెద్దమనిషే. మైకు రోజు తర్వాత పోటీలో ఉన్నవాళ్లందరూ ఆ మాట ఎత్తక తప్పలేదు. ఎత్తిన మాట ఆయన నిలబెట్టుకున్నాడు, అది ఒప్పుకోవాలి. మార్కెట్ చివర రెండు గదులు, కుళాయి, లోపలి గడియ. రిబ్బను కత్తిరించి ఆయన మహిళా సంక్షేమం గురించి ఉపన్యాసం మొదలుపెట్టాడు. అది ఎంతకీ తెగలేదు. అత్తమ్మ ఆ రోజు పొద్దున్నే కావాలని రెండు చెంబుల నీళ్లు తాగి వచ్చింది. చూసి చూసి, ఉపన్యాసం నడుస్తుండగానే ఆయన పక్కనుంచి లోపలికి పోయి గడియ పెట్టుకుంది. పెద్దమనిషి ఆగిపోయాడు. ఫొటోగ్రాఫర్ ఆగిపోయాడు. ఆమె బయటికొచ్చి చేతులు కడుక్కుని మాతో, ‘ఇగ పార్టీ ఖతం. నడువుండ్రి, బేరాలు సూసుకుందాం’ అంది. మరి కోరింది వచ్చాక పార్టీ దేనికి? పదవి పోయిందని ఆ రోజు బాధపడ్డది ఒక్క నేనే.

ఇప్పుడు నేను మిర్యాలగూడలో సొంతంగా చిన్న ప్రింటింగ్ షాపు నడుపుకుంటున్నాను. పోయిన నెల పనిమీద కోదాడ వెళ్లి మిట్టమధ్యాహ్నం అత్తమ్మ దగ్గర ఆగాను. తలపైన నీడకు మా పాత ఫ్లెక్సీయే కట్టి ఉంది. ఎండకు ముఖాలన్నీ వెలిసిపోయాయి, బకెట్ కూడా తెల్లబడింది. అంచున నా చీమ తలకాయల అక్షరాలు మాత్రం నల్లగా అట్లాగే ఉన్నాయి. అత్తమ్మ పాలకూర మీద నీళ్లు చల్లి, బొక్కల మూత తిప్పి తీసి, తల వెనక్కి వంచి గటగటా సగం సీసా తాగింది. గొంతులో నీళ్లు దిగుతుంటే చూస్తూ కూర్చున్నాను. ఆమె నీళ్లు తాగడం చూడటం నాకు అంత ఇష్టమని ఆ రోజే తెలిసింది. మూతి తుడుచుకుని, జర కొట్టు సూడు, ఇప్పుడే వస్త అని లేచి, మార్కెట్ చివరికి తాపీగా నడిచి పోయింది.

నేను గోనె సంచి మీద కూర్చుని, సీసాకు మూత బిగించి, కొత్తిమీర మీద నీళ్లు చల్లుతున్నాను. తోటకూర కొనడానికి వచ్చిన పెద్దాయన ఒకరు కళ్లద్దాలు సవరించుకుని పైకి చూసి, ఇది ఏం పార్టీ బాబూ, ఎన్నడూ వినలేదే అన్నాడు. జేబులో పెన్నుంది, ఇస్త్రీ చొక్కా కూడా. చీమ తలకాయల వెనక దాక్కున్న ఆ పాతికేళ్ల పిల్లగాడు నాకు గుర్తొచ్చాడు, వాడి మీద కోపం రాలేదు, నవ్వొచ్చింది.

‘ఆడవాళ్లకు ఉచ్చల దొడ్డి కావాలని పెట్టిన పార్టీ అండి’ అన్నాను. ‘నేను ప్రచార కార్యదర్శిని.’