పసుపు బొట్టు, పన్ను కట్టిన పలక

మా మేనత్త పోయింది. గిద్దలూరులో కూతురింటికి వెళ్లిన మనిషి, తెల్లవారుజామున నిద్రలోనే పోయిందని వదిన ఫోన్ చేసి చెప్పింది. ఆ ఫోన్ వచ్చేసరికి నేను మార్కాపురంలో, అత్త దుకాణంలోనే కూర్చుని ఒక పార్శిల్‌కు టేపు అంటిస్తున్నాను. ఏడుపు వెంటనే రాలేదు. ఈ పార్శిల్ ఎందాక పోయిందని రేపటి నుంచి నన్ను ఎవరు అడుగుతారా అన్న ఆలోచన ముందు వచ్చింది. ఆ తర్వాత ఏడుపు ఆగలేదు.

అత్త గురించి చెప్పాలంటే ముందు ఆమె గొంతు గురించి చెప్పాలి. మా వీధి చివరున్న దర్జీకి కూడా ఆమె మాటలు కుట్టు మిషన్ చప్పుడు దాటి వినబడేవి. సంతోషమొస్తే కూర్చున్నచోట కూర్చోలేకపోయేది. లేచి వాకిట్లోకి పరిగెత్తి, ఎవరు కనబడితే వాళ్లకు చెప్పాల్సిందే. పక్కింటి మేక కవల పిల్లల్ని ఈనితే తానే ఈనినంత హడావుడి చేసేది. ఆమె పక్కన ఉంటే మామూలు మంగళవారం కూడా మామూలుగా గడిచేది కాదు.

తర్లుపాడు రోడ్డులో మామయ్యకు పలకరాయి కోసి నునుపు చేసే చిన్న షెడ్డు ఉంది. ఆయన కోసిన పలకలు అత్త దుకాణంలో అమ్మేది. బడిపిల్లలు పలకలు వదిలేసి చాలా కాలమైంది. గిరాకీ పడిపోయి, షెడ్డు మూసేద్దామా అనే దాకా వచ్చింది. నేను డిగ్రీ అయి ఊరికే ఉన్నాను. రాతితో ఇంటి పేరు బోర్డులు, దుకాణాల్లో ధరలు రాసుకునే పలకలు చేయించి ఆన్‌లైన్‌లో ఒక సైటులో పెట్టి బయటి దేశాలకు అమ్ముదామని అన్నాను. మామయ్య నవ్వి ఊరుకున్నాడు. అత్త మాత్రం అప్పటికప్పుడు మంచి పలకలు ఏరడం మొదలుపెట్టింది. ఇదీ కుదరకపోతే షెడ్డుకు తాళం వేద్దామని ఇద్దరూ అనుకున్నారు.

తొలి ఆర్డరు యూరప్‌లో ఒక చిన్న ఊరి నుంచి వచ్చింది. అక్కడ బేకరీ నడిపే ఒకావిడ, రొట్టెల ధరలు రాసుకోవడానికి పలకలు అడిగింది. ఆర్డరులో ఉన్నదంతా అత్తకు చదివి వినిపించాను. పలకల ధర, పోస్టు ఖర్చు, దాని కింద పన్ను.

"పన్నా? మన పలక మీదనా?" అంది అత్త.

"అవునత్తా. అక్కడ ఏ వస్తువు కొన్నా వాళ్ల దేశానికి పన్ను కట్టాల. సైటోళ్లే ఆమె దగ్గర ముందుగా తీసుకొని ఆ సర్కారుకు కడతారు. మనం కట్టేది ఏం లేదు."

"అంటే వాళ్ల సర్కారు మన పలకను లెక్కలోకి తీసుకునింది. అంతేనా?"

"అంతే."

ఇంకేముంది, అత్త వాకిట్లో ఉంది. "మన పలక మీద పన్ను ఏసినారంట! బయటి దేశమోళ్లు ఏసినారంట!"

దర్జీ తల బయట పెట్టినాడు. "పన్నేస్తే ఏడవాల గదమ్మా, నవ్వుతావేంది?"

"నీకేం తెలుసన్నా! నూనె మీద పన్నుంది, సబ్బు మీద ఉంది. పిల్లకాయల పలక గదా అని దీని మీద మాత్రం ఎయ్యలేదు. ఇప్పుడు ఏసినారు. పన్నేసినారంటే ఇది సరుకేనని ఒప్పుకున్నట్టు!"

ఈ మాట తర్వాత ఆమె ఎన్నిసార్లు అన్నదో చెప్పలేను. పన్ను పడినందుకు పండగ చేసుకున్న మనిషిని నేను ఇంకెవరినీ చూడలేదు.

ఇక పార్శిల్. పన్ను ముందే కట్టేసినట్టు తెలిపే నంబరు ఒకటి సైటు వాళ్లు ఇస్తారు. అది పెట్టె మీద కనబడితే చాలు, ఆ దేశంలో మళ్లీ పన్ను అడగరు. ఆ నంబరున్న చీటీ అంటించి, పోస్టాఫీసుకు వెళ్లడానికి ఆటో పిలవబోయాను. ఈలోగా అత్త పసుపు కలుపుకొచ్చింది. మా వైపు వ్యాపారం చేసే ఇళ్లలో కొత్త కాటా తెచ్చినా, కొత్త బండి తెచ్చినా, తొలి సరుకు గడప దాటినా పసుపు బొట్టు పడాల్సిందే. పెట్టె నాలుగు మూలలా పెట్టి, నడుమ ఒకటి దిట్టంగా అద్దింది. దాని మీద కుంకుమ. "బోసిగా పోతే ఏం బాగుంటది," అంది.

పార్శిల్ బయల్దేరాక అత్తకు పొద్దు గడవడమే కష్టమైంది. "ఎక్కడుందే మన పలక?" అంటూ పొద్దున కాఫీకి ముందే నా ఫోన్ తీయించేది. చెన్నైలో విమానం ఎక్కిందని చెప్తే, తానే ఎక్కినట్టు చీర కొంగు సర్దుకుంది. ఆ వారమే శ్రీశైలం పోయినాం. దోర్నాలలో బస్సు టీకి ఆగితే, ముక్కూ మొహం తెలియని యాత్రికులకు కూడా మా పలక ఏ దేశంలో దిగిందో చెప్పింది. చెక్‌పోస్టు దాటి అడవిలోకి వెళ్లాక సిగ్నల్ పోయింది. దర్శనం లైన్లో నిలబడి కూడా నా మోచేయి గిల్లుతూనే ఉంది. "వచ్చిందా సిగ్నలు?"

తిరుగు ప్రయాణంలో మళ్లీ దోర్నాల వచ్చాక సిగ్నల్ అంది, ఫోన్‌లో మెసేజ్ పడింది. బేకరీ ఆవిడ మండిపడుతోంది. కొన్నప్పుడే పన్ను కట్టానని, పోస్టు వాళ్లు మళ్లీ పన్ను కడితేనే పెట్టె ఇస్తామంటున్నారని, తాను కట్టనని, పెట్టె వెనక్కి పోతుందని రాసింది. సైటుకు ఫిర్యాదు కూడా చేసింది. ఆ ఫిర్యాదు నిలబడితే, కొత్త దుకాణం కాబట్టి మా విదేశీ అమ్మకాలు ఆపేస్తామని సైటు వాళ్ల హెచ్చరిక.

దోర్నాల నుంచి మార్కాపురం దాకా అత్త నోరు విప్పలేదు. నాకు భయం వేసింది షెడ్డు గురించి కాదు, ఆ మౌనం గురించి.

ఇంటికొచ్చి, ఆవిడ పోస్టాఫీసులో తీసి పంపిన పెట్టె ఫొటోను పెద్దది చేసి చూశాం. నంబరు ఉండాల్సిన చోట పచ్చగా, గుండ్రంగా ఒక మచ్చ. ఒక్క అంకె కూడా కనబడటం లేదు.

"ఓయమ్మో, అది నా బొటనవేలే!" అంది అత్త. ఆ వెంటనే కళ్ల నీళ్లు వచ్చేలా నవ్వడం మొదలుపెట్టింది. "ఒక దేశపు సర్కారును బొట్టు పెట్టి ఆపినాను గదే!"

దారిలో తడిసి చీటీ చెడిపోయిందని రాద్దామన్నాను. అత్త ఒప్పుకోలేదు.

"అట్ల రాయొద్దు. మా అత్త పెట్టిన బొట్టు అని రాయి. ఎందుకు పెట్టినామో కూడా రాయి. ఆమె కూడా దుకాణం నడిపేదే గదా, అర్థమైతది."

అట్లాగే రాసి, పన్ను కట్టిన కాగితాన్ని నంబరుతో సహా పంపించాను. మరుసటి రోజు సాయంత్రం జవాబు వచ్చింది. ఆ కాగితం చూపిస్తే పోస్టు వాళ్లు మళ్లీ పన్ను అడగకుండానే పెట్టె ఇచ్చారట. ఫిర్యాదు వెనక్కి తీసుకుందట. తాను కూడా పొద్దున్నే తొలి రొట్టె పొయ్యిలో పెట్టే ముందు దాని మీద ఒక గుర్తు గీస్తుందట, వాళ్లమ్మ నేర్పిందట. కింద ఫొటోలో, గోడకు వేలాడుతున్న మా పలకల మీద ఆవిడ దస్తూరీ.

"చూసినావా! ఆమెది కూడా బోణీ బొట్టే!" అత్త వాకిట్లోకి పరిగెత్తింది. మామయ్య షెడ్డు తాళం చెవి జేబులో వేసుకుని, కొత్త రాయి కోయడానికి వెళ్లాడు.

ఆనాటి నుంచి మా ఇంట్లో కొత్త పద్ధతి పడింది. చీటీ బయట, బొట్టు మూత లోపల. ఆర్డర్లు పెరిగాయి. ప్రతి ఆర్డరుకూ అత్త అడిగే మొదటి మాట, "వీళ్లు ఎంత పన్ను ఏసినారు?" చిన్న కొనుగోళ్లకు పన్ను లేని దేశమైతే ఆమె మొహం చిన్నబోయేది. "అయ్యో, వదిలేసినారా!"

గిద్దలూరు వెళ్లే ముందు రోజు ఖాళీ పెట్టెలన్నీ ముందేసుకుని కూర్చుంది. మూతలకు లోపల వరసగా బొట్లు పెట్టేసి, "నేను వచ్చేదాకా సరిపోతాయిలే," అంది.

ఆమె లేకుండా ఆ పెట్టెలు ఒక్కొక్కటిగా వెళ్లిపోయాయి. నిన్న చివరిది మిగిలింది. దాన్ని బీరువాలో దాచుకోవాలనిపించింది. మామయ్య గడపలో నిలబడి చూస్తున్నాడు.

"పంపియ్యి తల్లీ," అన్నాడు. "సరుకు పోయే పెట్టెను ఇంట్లో పెట్టుకుంటే నన్ను తిడతది."

బేకరీ ఆవిడే మళ్లీ పలకలు అడిగింది. ఆ పెట్టెలోనే సర్దాను. మూత మూసే ముందు ఆ పసుపు మీద నా బొటనవేలు ఆనించి చూశాను. అత్త వేలు నా వేలి కన్నా వెడల్పు. చీటీ బయట అంటించాను. నంబరు స్పష్టంగా ఉంది. పన్ను కట్టేసి ఉంది. దాన్ని ఇక ఎవరూ ఆపరు.

ఈ పొద్దున కాఫీకి ముందే ఫోన్ తీశాను. పార్శిల్ మార్కాపురం దాటిందని ఉంది. నాకు తెలియకుండానే వాకిట్లోకి పరిగెత్తి, "బయల్దేరింది!" అని గట్టిగా అరిచాను.

వీధి చివర కుట్టు మిషన్ ఆగిపోయింది.