టవర్ కింద పదకొండు ఇళ్ళు

ఆ వీధిలో ఆమెను అందరూ నెట్టమ్మ అంటారు. ఇంటింటికీ ఇంటర్నెట్ ఇచ్చేది మొగుడే అయినా తిట్లు తినేది ఆమె కదా, అందుకని పేరు ఆమెకే అంటుకుంది. ముందు గదిలో ఒక బల్ల, రెండు ఫోన్లు, అట్ట చిరిగిన నోటుపుస్తకం. ఆఫీసంటే అదే. నాలుగంతస్తుల మేడ మీద ఇనుప టవర్, దాని కొసన యాంటెనా, దాని కింద సిగ్నల్ పుట్టించే బేస్ స్టేషన్ అనే తెల్ల డబ్బా. అదంతా మొగుడి రాజ్యం. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరు ఉద్యోగం మానుకుని మరీ ఆమె ఈ బల్ల దగ్గర కూర్చుంది. తొమ్మిదేళ్ళయింది. సిగ్నల్ సంగతులు ఆమెకు ఏ పుస్తకమూ నేర్పలేదు. ఫోన్లో అరిచే జనమే నేర్పారు.

మొగుణ్ణి ఎదురుగా "ఏవండీ" అంటుంది. ఒళ్ళు మండినప్పుడు మనసులో "టవరయ్య" అంటుంది. ఈ నెలంతా మనసులో పిలుపే ఎక్కువయింది.

నెల కిందట టవరయ్య కొత్త యాంటెనా తెచ్చాడు. పాతది మోచేతి పొడుగుండేది. ఇది మనిషి ఎత్తు దాటింది. డీలరు పంపిన కాగితంలో ఒక్కో యాంటెనా పక్కన అదెంత దూరం కొడుతుందో చెప్పే అంకె ఉంది. ఆయన పెద్ద అంకె ఉన్నదాని మీద వేలు పెట్టాడు, అంతే! యాంటెనా ఎంచుకోవడమనే మహావిద్య అక్కడితో ముగిసింది. "ఇది పెడితే క్వారీ అవతలికి కూడా కొడుతుంది, చూస్తూ ఉండు" అన్నాడు. కొట్టింది, ఆ మాట ఒప్పుకోవాలి. క్వారీ అవతల కోళ్ళఫారం ఆయన పనిగట్టుకుని ఫోన్ చేసి మెచ్చుకున్నాడు.

చిక్కల్లా టవర్ చుట్టూ ఉన్న పదకొండు ఇళ్ళతో వచ్చింది. "నెట్టమ్మా, మీ టవర్ మా కిటికీలోంచే కనిపిస్తోంది, నెట్ మాత్రం కనిపించట్లేదు" అని దర్జీ ఆవిడ. "నోట్లో మిషను పెట్టి ఎక్స్‌రే కోసం ఎంతసేపు కూర్చోబెట్టమంటారు నా పేషెంట్లని?" అని పళ్ళ డాక్టరు. ఆమె ఏదో ఒకటి చెప్పి సర్దేది, ఫోన్ పెట్టేసి పుస్తకంలో రాసేది. మూడు వారాలయ్యాక పేజీలు తిరగేస్తే తల గిర్రున తిరిగింది. రాసినవన్నీ పక్కిళ్ళే! దూరం వాళ్ళది ఒక్కటీ లేదు.

"ఏవండీ, దగ్గరవాళ్ళకే నెట్ పోతోంది. కొత్తది ఎక్కించిన రోజు నుంచీ ఇదే వరస."

"నెత్తి మీద టవర్ పెట్టుకుని సిగ్నల్ రాకపోవడమేంటి? వాళ్ళ రౌటర్లు పాడైపోయుంటాయి."

"పదకొండూ ఒకేసారా?"

"ఏం, పాడవకూడదా?"

దీనికేం బదులు చెప్పాలో మీరే చెప్పండి. ఆమె లోపలికి వెళ్ళి గిన్నెలు గట్టిగా తోమింది.

ఆ సోమవారం మాస్టారు వచ్చారు. కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. టవర్‌కి రెండిళ్ళ అవతల, మేడ మీద హాల్లో ఇరవై కంప్యూటర్లు పెట్టి పరీక్షల సెంటర్ నడుపుతారు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"అమ్మా, ఈ ఆదివారం నర్సింగ్ ప్రవేశపరీక్ష మా సెంటర్‌కి పడింది. పందొమ్మిది మంది పిల్లలు. మధ్యలో లైను తెగి పేపరు మళ్ళీ తెరుచుకోకపోతే, అది అక్కడితో సరి. మళ్ళీ ఏడాది దాకా లేదు. మీ లైను ఈమధ్య సరిగా ఉండట్లేదు. నమ్ముకోవచ్చా? లేదంటే ఇప్పుడే చెప్పు, వేరేవాళ్ళ దగ్గర తీసుకుంటాను. నేనేం అనుకోను."

"భలేవారే మాస్టారూ! మేమున్నాం కదా, చూసుకుంటాం" అంది ఆమె. అనేసి, ఆయన మెట్లు దిగుతుంటే పుస్తకం తెరిచి ఆయన సెంటర్ పేరు ఎన్నిసార్లు రాసిందో లెక్కపెట్టింది.

మర్నాడు వాకిలి కడుగుతుండగా ఆమెకు సంగతి తట్టింది. పైపు మూతికి బొటనవేలు అడ్డం పెడితే నీళ్ళు రివ్వున వెళ్ళి ఎదురుగోడకు కొట్టాయి. కాళ్ళ దగ్గర మెట్లు మాత్రం పొడిగా ఉండిపోయాయి. వేలు తీస్తే మెట్లు తడిశాయి, గోడ దాకా పోలేదు. పైపు అక్కడే పడేసి డీలరు దగ్గరి ఇంజనీరుకి ఫోన్ చేసింది.

"సార్‌కి ఇవ్వండి మేడమ్."

"సార్ స్నానంలో ఉన్నారు. నాకే చెప్పండి. పొడుగు యాంటెనా దూరం కొడుతుంది గానీ కిందకి దిగదు, అవునా?"

అతను కాస్త నీళ్ళు నమిలి, "అవును మేడమ్. ఎంత పొడుగైతే అంత అడ్డంగా పోతుంది. కిందున్నవాళ్ళ నెత్తి మీంచి పోతుంది. దగ్గరవాళ్ళకి చిన్నది వేరే పెట్టుకోవాలి, పిట్టగోడ ఎత్తులో" అన్నాడు.

చిన్నది ఎక్కడికో పోలేదు. వెనక గదిలో గోనెసంచిలో, దాని పాత బేస్ స్టేషన్‌తో సహా పడుంది. పిట్టగోడకు బిగించడం ఒక పూట పని. ఒక్క పూట! బుధవారం చెప్పింది. గురువారం బతిమాలింది. శుక్రవారం అరిచి గీపెట్టింది.

"నస పెట్టకు. దించిందాన్ని మళ్ళీ ఎక్కిస్తే వీధంతా నవ్వుతుంది. ఇంకా పెద్దది ఆర్డర్ పెట్టాను, రేపొస్తుంది. దెబ్బకి అందరి నోళ్ళూ మూతపడతాయి."

"పెద్దది కాదు మహానుభావా, చిన్నది కావాలి!"

"టవర్ ఎక్కేది నువ్వా, నేనా?"

ఆ మాటతో ఆమెకు ఏడుపొచ్చినంత పనయింది. శనివారం పెద్దది రానే వచ్చింది. ఇంకో రెండు జానలు ఎక్కువ. మధ్యాహ్నానికల్లా బిగించి, విజిల్ వేసుకుంటూ దిగాడు. సాయంత్రం ఆమె మాస్టారి నంబరు తీసింది. వేరే లైను చూసుకోండి అని ఒక్క మాట చెబితే సరిపోతుంది. చెబితే మొగుడి చేతకానితనం రేపు టీ కొట్టు దాకా పాకుతుంది. ఫోన్ బల్ల మీద పెట్టేసింది.

ఆదివారం పది నలభైకి లైను పోయింది. ఏడు నిమిషాలకి వచ్చింది, మళ్ళీ పోయింది. రెండు ఫోన్లూ మోగుతూనే ఉన్నాయి. టవరయ్య పైకెక్కి ఏదో తిప్పాడు, కిందకి దిగాడు, మళ్ళీ ఎక్కాడు.

మూడింటికి మాస్టారు వచ్చారు. ఊడదీసిన రౌటర్ బల్ల మీద పెట్టారు. అరవలేదు.

"పదిహేడు మందివి మళ్ళీ తెరుచుకున్నాయి, ఇద్దరి పేపర్లు పోయాయి. ఒకమ్మాయి రెండో యేడు రాస్తోంది. పోయాక కూడా పావుగంట ఆ తెర ముందే కూర్చుంది, వస్తుందేమో అని."

టవరయ్య మొహం తుడుచుకుంటూ, "అయ్యో, నాకీ సంగతే తెలీదు మాస్టారూ. ఫోన్లన్నీ చూసేది మా ఆవిడ. నాకొక్క మాట చెప్పుంటే..." అన్నాడు.

ఆమె కుర్చీలోంచి లేచింది. తొమ్మిదేళ్ళలో ఎన్నడూ బయటివాళ్ళ ముందు మొగుణ్ణి పల్లెత్తు మాట అనలేదు.

"చెప్పాను మాస్టారూ. బుధవారం నుంచీ కాళ్ళావేళ్ళా పడి చెప్పాను. కొత్త యాంటెనా వల్లే మీకు రావట్లేదని ఈయనకి తెలుసు. తెలిసీ వినలేదు!"

మాస్టారు టవరయ్య వైపు చూడనేలేదు.

"ఆయనకి చెప్పావమ్మా. సరే. మరి నాకెందుకు చెప్పలేదు? సోమవారం ఇక్కడే నిలబడి నిన్నే కదా అడిగాను."

ఆమె బల్ల అంచు పట్టుకుంది. మొగుడి మీద వారమంతా కూడబెట్టుకున్న కోపంలో ఒక్క ముక్క కూడా ఇప్పుడు అక్కరకు రాలేదు.

"సోమవారం నాకు సరిగ్గా తెలీదు. మంగళవారం తెలిసింది" అంది. "నిన్న చెబుదామని ఫోన్ తీసి కూడా పెట్టేశాను. మా ఆయన పరువు పోతుందని. తప్పు నాదే మాస్టారూ."

ఆయన తలూపి, చెప్పులేసుకుని వెళ్ళిపోయారు. ఆ తలూపడం క్షమించడమో కాదో తెలియలేదు.

"నలుగురిలో అలా అనేశావేంటే?" అన్నాడు టవరయ్య.

ఆమె దర్జీ ఆవిడకి ఫోన్ చేసింది. "నెట్టమ్మని. మీ రౌటర్ బాగానే ఉంది, తప్పు మా యాంటెనాది. చిన్నది బిగించేదాకా మీకు రాదు. ఎప్పుడు బిగిస్తామో చెప్పలేను. ఆగలేకపోతే వేరే కనెక్షన్ తీసుకోండి" అంది. ఆయన ఎదురుగా నిలబడి చూస్తుండగానే పళ్ళ డాక్టరు నంబరు నొక్కింది.