బ్యాండు వెనుక నా నడక

ఒక పట్టపగలు దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు మీద బ్యాండు వెనుక నేనొక్కదాన్నే ఊరేగాను. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

అవి అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమం రోజులు. బందుల వల్ల ఎప్పుడొస్తుందో తెలియని బస్సు కోసం నిలబడ్డాను. పక్కనే ఎర్రకోట్లు తొడుక్కున్న ఇద్దరు బ్యాండువాళ్లు, ఒక ముసలాయన, ఒక యువకుడు, వాదులాడుకుంటున్నారు. సాయంత్రం సైదాబాద్‌లో పెళ్లి ఊరేగింపు, బరాత్‌లో ముందుండి క్లారినెట్ ఎవరు ఊదాలన్నది తగువు.

"నీకు దమ్ము సాలుతలేదు కాకా. గీసారి నన్ను ఊదనియ్," అన్నాడు యువకుడు.

"నువ్వు ఊదే జోరుకు పెండ్లోళ్లు ఉరకాలెరా," అని ముసలాయన నావైపు తిరిగాడు. "బిడ్డా, జర వీని ఎనక నడువు. నీ కాలు వీని పాటకు కుదిరితే ఇయ్యాల వీడే ముందుంటడు."

నలుగురిలో తలెత్తని నేను ఎందుకు సరేనన్నానో తెలియదు. అతను ఊదుతూ సాగాడు. కొంచెం దూరానికే ఆ వేగానికి నా చెప్పులు జారాయి.

"అందుకోలేకపోతున్నా," అన్నాను. చుట్టూ ఉన్నవాళ్లు గొల్లున నవ్వారు.

"చెవులు ఎనక పెట్టురా. ఆ పిల్ల అడుగు ఇను," అన్నాడు ముసలాయన.

యువకుడు తల వంచుకుని, నా చెప్పుల చప్పుడు వింటూ నెమ్మదిగా మళ్లీ పాట అందుకున్నాడు. నా అడుగు తనంతట తానే పాటలో పడింది. ఎవరో చప్పట్లు కొట్టారు. రోడ్డు పక్క పాన్‌డబ్బా దాటినా నేను ఆగలేదు.

అంతలో నా బస్సు వచ్చి పక్కనే ఆగింది. మెట్టెక్కుతుంటే, మా వెంటే వచ్చిన ముసలాయన కిందనుంచి నవ్వుతూ అన్నాడు: "మంచిగ నడిచినవ్ బిడ్డా. ఇగ నేను గూడ వీని ఎనకనే నడుస్త."